తిరగేసి చూడండి: పాత బట్టల షాపులో కిల్టూ, గళ్ల స్కర్టూ



గ్రాడ్యుయేషన్ల సీజన్ వచ్చింది. స్కాట్లాండ్‌లో చదువుతున్న మన పిల్లలు నాకు వరసగా ఫొటోలు పంపుతున్నారు. "అక్కా, పట్టా తీసుకునే రోజు కిల్ట్ కట్టుకోవాలనుంది. కొత్తది కొనాలంటే వందల పౌండ్లు. ఛారిటీ షాపులో ఇది కనపడింది. అసలుదేనా?" అని అడుగుతున్నారు. ఫొటోలో హ్యాంగర్‌కి వేలాడుతూ ఎర్రగళ్లదో పచ్చగళ్లదో ఒక బట్ట. వాటిలో కొన్ని నిజంగా కిల్ట్‌లే. చాలావరకు గళ్ల స్కర్టులు.

ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసేకంటే ఈ వారం పోస్టు దీనికే ఇచ్చేస్తున్నా. "ఉద్యమం రాతల మధ్య ఈ బట్టల గోల ఏంటి" అనుకునేవాళ్లు కాస్త ఓపిక పట్టండి. బట్ట గురించి మాట్లాడకుండా కులం గురించి మాట్లాడటం మనకెప్పుడూ కుదరలేదు.

ముందే ఒక మాట. కిల్ట్ గొప్పది, స్కర్ట్ తక్కువది అని నేను చెప్పడం లేదు. ఆడవాళ్లు కట్టేది కాబట్టి చులకన అనే మాట ఈ పేజీలో చెల్లదు. మంచి ఊలు స్కర్ట్ దొరికితే హాయిగా కొనుక్కోండి. కానీ స్కర్ట్‌కి స్కర్ట్ ధరే ఇవ్వాలి, కిల్ట్‌కి కిల్ట్ ధర ఇవ్వాలి. రాత్రి షిఫ్టులు చేసి దాచుకున్న పౌండ్లు మనవి.

నాకీ విద్య ఇద్దరు ఆడవాళ్లు నేర్పారు. ఒకరు మా అమ్మ. ప్రకాశం జిల్లాలో మా పల్లెలో మిషన్ కుట్టి మమ్మల్ని చదివించింది. రెండోవారు నేను గ్లాస్గోలో చదివేటప్పుడు శనివారాలు ఛారిటీ షాపు వెనక గదిలో నాతోపాటు బట్టలు సర్దిన ఒక పెద్దావిడ. వయసులో ఉన్నప్పుడు కిల్ట్‌లు కుట్టి బతికిన మనిషి. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, ఒకరినొకరు చూసిందీ లేదు. కానీ చేతికి బట్ట వస్తే ఇద్దరూ చేసే మొదటి పని ఒక్కటే. లేబుల్ చదవరు. లోపలి వైపుకి తిరగేస్తారు.

ఈ తిరగేయడం అంటే ఏంటో మనకి తెలియాలి. మా చిన్నప్పుడు పండక్కి ఆసామి ఇంటినుంచి పాత బట్టలు వచ్చేవి. వచ్చేవి అంటే, వెళ్లి పెరటి గుమ్మం దగ్గర నిలబడాలి. ఆవిడ పైనుంచి జారవిడిస్తే చెంగు పట్టాలి. ఆ చీరని అక్కడ విప్పకూడదు. చిరుగుందా, మరకుందా, మనకి సరిపోతుందా అని చూడకూడదు. చూస్తే "ఏమే, బేరమాడుతున్నావా?" అంటారు. ఇంటికొచ్చాకే మా అమ్మ దాన్ని తిరగేసేది. పనికొచ్చే ముక్క ఎంతో చూసి, మిగతాది పక్కన పెట్టేది.

ఇది ఒక ఊళ్లో ఒక ఆసామమ్మ గుణం కాదు. శాస్త్రం రాసిపెట్టిన సంగతి. మనుస్మృతి పదో అధ్యాయం చండాలుడి బట్టలేవో కూడా నిర్ణయించింది. అవి చచ్చినవాళ్ల బట్టలు. అంటే కొత్త బట్ట కొనుక్కునే స్తోమత ఉన్నా పాతదే కట్టాలని ఆజ్ఞ. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో బాబాసాహెబ్ ఆ పుస్తకాన్ని తగలబెట్టింది ఊరికే కాదు. ఆ మహాడ్‌లోనే ఆయన మన ఆడవాళ్లని కూర్చోబెట్టి చీరకట్టు గురించి మాట్లాడాడు. చూడగానే కులం తెలిసిపోయే కట్టునీ, నగల్నీ వదిలేయమన్నాడు. ఒక పెద్ద పోరాటం మధ్యలో చీరకట్టు గురించి ఎందుకు మాట్లాడాడో మన వాడలో పుట్టినవాళ్లకి వివరించక్కర్లేదు.

అందుకే "పాత బట్టలు కొంటావా అక్కా, నామోషీ కాదా?" అని అడిగే తమ్ముళ్లకి నా జవాబు ఇది. బట్ట పాతదైతే నామోషీ కాదు. తిరగేసి చూసే హక్కు లేకుండా తీసుకోవాల్సి రావడం నామోషీ. షాపులో మనం కొనేవాళ్లం. ఎంతసేపైనా చూడొచ్చు, వద్దని వచ్చేయొచ్చు. ఆ హక్కుని పూర్తిగా వాడుకోండి.

ఇక పనిలోకి వద్దాం.

మొదట బరువు చూడండి. హ్యాంగర్ నుంచి తీసి రెండు చేతుల మీద వేసుకోండి. సంప్రదాయ కిల్ట్‌కి 8 గజాల ఊలు బట్ట పడుతుంది. మన చీర ఆరు గజాలు, దానికంటే ఎక్కువన్నమాట. బరువైన ఊలుతో కుట్టినదైతే రెండు కిలోలకి కాస్త అటూ ఇటూగా తూగుతుంది. 5 గజాలతో కుట్టిన తేలికరకం కిల్ట్‌లూ ఉన్నాయి, అవి మోసం కాదు. కానీ గాలికి ఎగిరేంత తేలిగ్గా ఉంటే మాత్రం అనుమానించాల్సిందే.

తర్వాత కుచ్చిళ్లు. కిల్ట్‌కి కుచ్చిళ్లన్నీ వెనకే ఉంటాయి. ముందు భాగం చదును. అక్కడ రెండు వెడల్పాటి పొరలు ఒకదాని మీద ఒకటి వస్తాయి. నడుము చుట్టూ కుచ్చిళ్లుంటే అది స్కర్టే. వెనక కుచ్చిళ్లని నడుము నుంచి పిరుదుల దాకా కుట్టేసి, అక్కణ్నుంచి కిందికి వదిలేస్తారు. ఆ కుట్టిన భాగంలో ప్రతి కుచ్చీ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, నడుము సన్నం కాబట్టి. ఈ సన్నబరచడంలోనే పనితనమంతా ఉంది. ఒక కుచ్చి విప్పి లోపలికి వేలు పెట్టండి. కిల్ట్ అయితే వేలు లోపలికి పోతూనే ఉంటుంది, అంత బట్ట దాక్కుని ఉంటుంది. మామూలు స్కర్ట్‌లో మడత నిస్సారంగా ఉంటుంది. చాలాసార్లు కుట్టు కూడా ఉండదు, ఇస్త్రీ పెట్టి నిలబెట్టిందే.

గళ్లు కలిశాయా చూడండి. కుచ్చిళ్లు మూసి ఉన్నప్పుడు ముందున్న గళ్ల వరసే వెనక కూడా తెగకుండా సాగాలి. లేదంటే ప్రతి కుచ్చి మీదా ఒకే గీత నిలువుగా వచ్చేట్టు మడిచి ఉండాలి. రెండోది సైన్యంలో వాడుకలో ఉన్న పద్ధతి. ఈ రెండూ కాకుండా గళ్లు ఎక్కడివక్కడ తెగిపోయి ఉంటే, కుట్టినవాళ్లకి టైమ్ ఇవ్వలేదని అర్థం.

ఇప్పుడు తిరగేయండి. అసలు కథ లోపలే ఉంటుంది. వెనక నడుము భాగంలో కుచ్చిళ్ల లోపలి బట్టని కొంత కత్తిరించి తీసేస్తారు, లేకపోతే నడుము దగ్గర దిండు కట్టినట్టు ఉంటుంది. ఆ చోటు సాగిపోకుండా కాన్వాస్ వేసి, దానిమీద నూలు లైనింగ్ కుడతారు. చేత్తో కుట్టినదైతే కుట్లు చిన్నవిగా, దగ్గర దగ్గరగా ఉన్నా గీత గీసినట్టు ఒక్కలా ఉండవు. మనిషి చెయ్యి తెలుస్తుంది. మా అమ్మ అయితే ఆ కుట్టు మీద వేలు పెట్టి, కుట్టినావిడ ఎక్కడ దారం మార్చిందో చెప్పేస్తుంది. లోపల ఏమీ లేకుండా ఒంటిపొర బట్ట, పైన ఒక నడుంపట్టీ మాత్రమే ఉంటే అది స్కర్ట్.

కింది అంచు. ఫొటోలో కూడా పట్టేసే గుర్తు ఇదే. కిల్ట్‌కి కింద మడిచి కుట్టిన హెమ్మింగ్ ఉండదు. మగ్గం మీద నేసినప్పుడు వచ్చిన అంచే కింది అంచు, మన పంచె అంచులాగే. స్కర్ట్‌కి మడిచి కుడతారు. అందుకే ఇంకో హెచ్చరిక. పొడుగెక్కువైందని కిల్ట్ కింద కత్తిరించారో, దాని ప్రాణం పోయినట్టే. పొడుగు తగ్గించాలంటే పైనుంచి విప్పి కుట్టాలి. అది కిల్ట్ కుట్టేవాళ్లు చేయాల్సిన పెద్ద పని, దానికయ్యే ఖర్చుతో ఇంకో పాతది వస్తుంది.

బిగించే తీరు. కిల్ట్‌కి తోలు పట్టీలు, బకిళ్లు ఉంటాయి. మామూలుగా నడుము దగ్గర అటొకటి ఇటొకటి, చాలావాటికి కుడివైపు కిందుగా ఇంకొకటి. ఎడమవైపు పట్టీ బట్టలో ఉన్న చీలికలోంచి దూరి బయటికొస్తుంది. జిప్పు, ఎలాస్టిక్ కనపడితే ఇంకేం వెతకక్కర్లేదు. మగవాళ్ల కిల్ట్‌లో పైపొర కట్టుకున్నవారి కుడివైపుకి వచ్చి ఆగుతుంది, అంచున దారాల కుచ్చు ఉంటుంది. ఆడవాళ్ల కోసం కుట్టిన కిల్ట్ స్కర్ట్‌లలో ఎక్కువగా ఎడమవైపుకి వస్తుంది. దీన్నొక్కదాన్నే సాక్ష్యంగా పట్టుకోవద్దు. పైప్ బ్యాండ్లలో, హైలాండ్ నాట్యంలో ఆడవాళ్లు కూడా కిల్టే కడతారు.

బట్ట. ఊలు టార్టాన్ నేతలో సన్నటి ఏటవాలు గీతలు కనపడతాయి, జీన్స్ గుడ్డలో ఉన్నట్టు. రంగు దారాల్లోనే ఉంటుంది కాబట్టి రెండు వైపులా గళ్లు ఒకే బలంగా ఉంటాయి. వెనక్కి తిప్పితే వెలిసినట్టుంటే అది అచ్చు వేసిన గుడ్డ. అక్రిలిక్ గుడ్డ నేసినదే అయినా చేతికి నూలు మెత్తదనమూ ఉండదు, ఊలు బిగువూ ఉండదు. కొన్నాక ఇంకా సందేహముంటే లోపలి కుట్టు దగ్గర నుంచి ఒక్క పోగు పీకి, ఇంట్లో సింక్ మీద కాల్చండి. ఊలు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. సింథటిక్ అయితే కరిగి ఉండకడుతుంది.

చివరిగా దెబ్బలు. కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకోండి, చిమ్మెట కొట్టిన చిల్లులు చుక్కల్లా కనపడతాయి. ముఖ్యంగా కుచ్చిళ్ల లోపల చూడండి, పురుగు చీకట్లోనే తింటుంది. ముందు పొర మధ్యలో బట్ట అరిగిందా చూడండి, అక్కడే స్పోరన్ అనే సంచీ వేలాడి రాసుకుంటుంది. తోలు పట్టీ పగిలితే మార్పించుకోవచ్చు, చిన్న ఖర్చు. పట్టీల పక్కన పాత కుట్టు రంధ్రాలుంటే ఇదివరకే ఒకసారి వదులు చేశారని అర్థం. కొలత మాత్రం జీన్స్ సైజుతో చూడకండి. కిల్ట్ బొడ్డు దగ్గర కట్టాలి, మోకాలి దాకా రావాలి. టేపుతో బొడ్డు చుట్టూ, పిరుదుల చుట్టూ, బొడ్డు నుంచి మోకాలి మధ్య దాకా మూడు కొలతలు రాసుకుని వెళ్లండి. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు నాలుగు ఫొటోలు అడగండి: లోపలి వైపు వెనక భాగం, కింది అంచు, పట్టీలు, ముందు భాగం మొత్తం. ఇవ్వనివాళ్ల దగ్గర కొనకండి.

లేబుల్ గురించి నేనింతవరకూ ఏమీ చెప్పలేదు, గమనించారా? కావాలనే చెప్పలేదు. ఎందుకంటే షాపులో మనల్ని మోసం చేసేది ఎక్కువగా అదే. లోపల ఒక క్లాన్ పేరుంటుంది, అంటే అక్కడి వంశం పేరు. ఆ పేరు చూసి "పురాతనమైనది, అసలుది" అనుకుంటాం. పది పౌండ్ల అక్రిలిక్ గుడ్డ మీదా అదే పేరు కుట్టొచ్చు.

ఒకసారి నా చేతికి "మెకంజీ" అని రాసున్న కిల్ట్ వచ్చింది. ఆ పేరు మనకి కొత్తది కాదు. మన ఊళ్ల కైఫీయతులు సేకరించిన కాలిన్ మెకంజీ స్కాట్లాండ్ వాయవ్యాన లూయిస్ దీవిలోని స్టోర్నవేలో పుట్టినవాడే. కావలి బొర్రయ్య లాంటి బ్రాహ్మణ సహాయకుల చేత ఊరూరి చరిత్ర రాయించాడు. అందులో మన వాడ ఎంతుంది, ఎవరి నోట ఉంది అన్నది ఇంకో పోస్టుకి సరిపడే సంగతి. ఇక్కడ చెప్పేది గళ్ల గురించి. ఆ "మెకంజీ" గళ్లు వాళ్ల తాతముత్తాతలు కొండల్లో నేసుకున్నవి కావు. 1778లో ఆ వంశపు దొర సీఫోర్త్ బ్రిటిష్ రాజు కోసం లేపిన సైన్యదళపు యూనిఫాం గళ్లు. అప్పటికే ఉన్న బ్లాక్ వాచ్ దళపు ముదురు నీలం, ఆకుపచ్చ గళ్ల మీద తెల్లగీత, ఎర్రగీత చేర్చారు. అదే వంశం లేపిన ఇంకో దళం, 78వ హైలాండర్స్, 1803లో మన దక్కన్ మీదే, ఇప్పటి జాల్నా జిల్లాలోని అస్సాయేలో వెల్లెస్లీ తరఫున యుద్ధం చేసింది.

ఈ బట్ట చరిత్రలో బాధితులూ ఉన్నారు, బాధ పెట్టినవాళ్లూ ఉన్నారు. 1746లో కలోడెన్ యుద్ధంలో తిరుగుబాటు ఓడిపోయాక బ్రిటిష్ పార్లమెంటు హైలాండ్ బట్టల్ని నిషేధించింది. కిల్ట్ కడితే మొదటిసారి ఆరు నెలల జైలు, రెండోసారి పట్టుబడితే ఏడేళ్లు సముద్రం దాటించడం. రాజు సైన్యంలో చేరినవాడికి మాత్రం ఆ బట్ట కట్టే అనుమతి ఉంది. నిషేధం 1782లో ఎత్తేశారు. 36 ఏళ్లు. చదివినప్పుడు నా ఒళ్లు జలదరించింది. ఎందుకంటే అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో ఇండోర్ ప్రాంతపు బలాయిల గురించి రాసింది మనం చదివాం కదా. జరీ అంచు తలపాగా కట్టకూడదు, రంగు అంచు పంచె కట్టకూడదు, ఆడవాళ్లు వెండి బంగారాలు పెట్టుకోకూడదు. అది 1928 నాటి మాట. హైలాండర్ బట్ట మీద నిషేధానికి ఒక చట్టం కావాల్సి వచ్చింది, దాన్ని రద్దు చేసిన తేదీ కూడా ఉంది. మన బట్ట మీద నిషేధానికి చట్టం అక్కర్లేకపోయింది, ఊరు చాలు. రద్దయిన తేదీ ఏదో మీరే చెప్పండి.

తర్వాత జరిగింది చూడండి. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరా వచ్చాడు. నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఆ వేడుకంతా నడిపించాడు. దొరలందరూ టార్టాన్ కట్టుకుని బారులు తీరారు, రాజు కూడా కట్టాడు. బానక్‌బర్న్‌లో విల్సన్ అనే నేత సంస్థకి ఆర్డర్లే ఆర్డర్లు. అక్కడి గళ్ల నమూనాల్లో అంతకుముందు నంబర్లతో నడిచినవి కూడా వంశాల పేర్లు తెచ్చుకున్నాయి. 1842లో ఇద్దరు అన్నదమ్ములు పాత రాతప్రతి దొరికిందని చెప్పి ఏ వంశానికి ఏ గళ్లో ఒక ఘనమైన పుస్తకం వేశారు. ఆ రాతప్రతి వాళ్లు కల్పించిందని తర్వాత తేలింది. కానీ అందులోని గళ్లు ఇప్పటికీ షాపుల్లో ఉన్నాయి.

అదే కాలంలో హైలాండ్ లోయల్లో గొర్రెల పెంపకం కోసం కౌలు రైతుల్ని ఇళ్లలోంచి వెళ్లగొడుతున్నారు. సదర్లాండ్‌లో ఇళ్ల కప్పులు తగలబెట్టారు. గ్లెన్‌గ్యారీ దొర మెక్‌డోనెల్ 1815లో "నిజమైన హైలాండర్ల" సంఘం పెట్టాడు, టార్టాన్‌లో బొమ్మ గీయించుకున్నాడు, తన కౌలుదారుల్ని మాత్రం భూమి మీద ఉండనివ్వలేదు. జనం బట్ట దొరల అలమార్లోకి చేరింది, జనం ఓడలెక్కి పోయారు. మన డప్పు ప్రభుత్వ వేడుకల వేదికెక్కినప్పుడు డప్పు కొట్టే మాదిగ ఎక్కడ నిలబడ్డాడో చూసినవాళ్లకి ఈ కథ కొత్తగా ఉండదు.

క్లాన్‌నీ కులాన్నీ ఒకటే అనేయకండి. అది తప్పు పోలిక. క్లాన్‌లో దొరా, కౌలుదారూ ఒకే ఇంటిపేరు పెట్టుకోగలిగారు. మన దగ్గర ఆసామి ఇంటిపేరు పాలేరు పెట్టుకుంటే ఏమవుతుందో తెలుసు. కానీ పేరుని బట్టి మనిషి విలువ కట్టే అలవాటు మాత్రం మనం బాగా ఎరిగినదే. టూరిస్టు షాపుల్లో ఒక పుస్తకం ఉంటుంది. ఇంటిపేరు చెబితే మీ గళ్లు ఏవో చూపిస్తారు. మన ఇంటిపేరు అందులో దొరకదు, వాళ్లు నవ్వేసి ఇంకోటి చూపిస్తారు. అక్కడితో అయిపోయింది. ఇక్కడి ఒక తెలుగు పండగలో మాత్రం పులిహోర ప్లేటు చేతికిస్తూ ఒకాయన నా ఇంటిపేరు అడిగాడు. చెప్పాను. అర్థం కాలేదు. ఊరు అడిగాడు, నాన్నగారి ఉద్యోగం అడిగాడు, "అక్కడ ఏ వీధి?" అన్నాడు. "మాలపల్లి" అన్నాను. ఆయనకి కావాల్సిన పుస్తకంలో పేజీ దొరికింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

ఇక మీ అసలు ప్రశ్న: "మనం ఏ గళ్లు కట్టొచ్చు?" ఏవైనా కట్టొచ్చు. మీ వంశమేదని అడ్డుకునే చట్టం లేదు. బాల్మోరల్ అనే ఒక నమూనా రాజకుటుంబానికి కేటాయించుకున్నారు, దాన్ని వాళ్లకే వదిలేయండి. బ్లాక్ వాచ్ లాంటివి ఏ వంశంతోనూ పని లేకుండా అందరూ కడతారు, పాత షాపుల్లో తేలిగ్గా దొరుకుతాయి. వంశాల పేర్లు కాకుండా జిల్లాల పేర్లతో ఉన్న గళ్లూ ఉన్నాయి. మీరు చదువుకున్న ఊరి గళ్లు దొరికితే అంతకంటే ఏం కావాలి? ఆ ఊళ్లో మీరు పని చేశారు, చలికి వణికారు, పరీక్షలు రాశారు. కౌంటర్ దగ్గర డబ్బులిచ్చి కొంటున్నారు. అనుమతి ఇంకెవరినీ అడగక్కర్లేదు.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. పేరు చూసి ధర కట్టకండి, పని చూసి కట్టండి. 8 గజాల బట్టని వేళ్లతో మడిచి, నడుముకి తగ్గట్టు ఒక్కో కుచ్చీ సన్నబరచి, మనకి కనపడని చోట వందల కుట్లు వేసిన మనిషి పేరు ఆ లేబుల్ మీద ఎక్కడా ఉండదు. కిల్ట్‌ని కిల్ట్ చేసింది ఆ చేతులే. బట్టని అలా చదవడం వచ్చినవాళ్లకి మనుషుల్ని చదవడం కూడా వస్తుంది.

షాపుకి వెళ్లేటప్పుడు టేపు మర్చిపోకండి. పట్టా చేత్తో పట్టుకుని దిగిన ఫొటోలు నాకు పంపండి. కిల్ట్ కట్టినవాళ్లవీ, స్కర్ట్ కట్టినవాళ్లవీ, అమ్మ కట్టుకోమని పంపిన చీర కట్టినవాళ్లవీ, అన్నీ కావాలి.

జై భీమ్.